అక్కయ్య గుండె చూసిన ఫెలేతి

ఆదివారం పూట మా కొలోంగా ఊరి చర్చిలో పాస్టరుగారి ప్రసంగం కాస్త సాగిందంటే, జనం చూపులు గడియారం మీదికి కాక తూర్పు కిటికీ మీదికి వెళ్ళేవి. ఆ కిటికీకి ఎదురుగానే ఫెలేతి ఇల్లు. తెల్లవారకముందే అతను పెరట్లో గొయ్యిలో రాళ్ళు ఎర్రగా కాల్చి, వాటిమీద దుంపలూ ఆకుపొట్లాలూ పేర్చి, అరిటాకులు కప్పి, పైన మట్టి పోసి, స్నానం చేసి, మా ఆచారం ప్రకారం నడుముకు చాప చుట్టుకుని, ఏమీ ఎరగనివాడిలా వచ్చి మగవాళ్ళ వరసలో కూర్చునేవాడు. ఆ మట్టి కిందనుంచి వాసన మాత్రం తన దారిన తాను చర్చిలోకి వచ్చేది.

ఆదివారం ఇలా గొయ్యిలో ఉము పెట్టని ఇల్లు మా దీవిలో లేదు. కానీ ఫెలేతి చేతి లూ తిన్నవాడు ఇంకో ఇంటి లూ తినేటప్పుడు మర్యాదకి నవ్వుతాడు, అంతే. లేత చేమాకులు దోసిలి నిండా పరిచి, మధ్యలో సీపి ముక్కలు పెట్టి, పిండిన కొబ్బరిపాలు నీళ్ళు కలపకుండా పోసి మూట కట్టేవాడు, అదే లూ. సీపి అంటే గొర్రె పొట్టదగ్గర మాంసం. పేరుకే మాంసం, తీరా చూస్తే సగానికి పైగా కొవ్వు. ఆ గొర్రెల్ని పెంచే దేశాల వాళ్ళు దాన్ని పెద్దగా తినరు. గడ్డకట్టించి ఓడల్లో మాకు పంపుతారు, మేం వేళ్ళు నాక్కుంటూ తింటాం. ఇందులో ఎవరిమీద కోప్పడాలో తెలీదు గానీ, కోప్పడవలసిన సంగతే.

ఫెలేతి పెండలం పండించే రైతు. మాటలు తక్కువ మనిషి. కావా వేరు రసం తాగే చోట అందరూ ఊరి సంగతులన్నీ తిరగేస్తుంటే, తను చిప్ప అందుకుని, తాగి, చప్పట్లు కొట్టి ఊరుకునేవాడు. "ఫెలేతికి పెండలంతోనే మాటలు, మనతో ఏం పని" అని తోటివాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. అదీ కొంత నిజమే. తీగ పసుపెక్కితే మట్టి తవ్వకుండానే కింద దుంపకి ఏమైందో చెప్పేవాడు.

అతనికి ఒక్కగానొక్క అక్క, లోసేలి. అదే ఊళ్ళో, నాలుగు కొబ్బరితోటల అవతల ఉంటుంది. అక్క అంటే మా దగ్గర మామూలు మాట కాదు. తమ్ముడు ఎంతవాడైనా అక్క ముందు కిందే. అతని ఇంట పెళ్ళయినా చావయినా చాపల గుట్టమీద కూర్చునేది ఆవిడే. మంచి ముక్క ముందు ఆవిడకే వెళ్ళాలి. ఆవిడ అడిగితే లేదనకూడదు. ఇక ఇద్దరికీ మీసాలూ ఓణీలూ వచ్చే వయసునుంచి ఒకే గదిలో కూర్చోవడం ఉండదు, ఒంటికి సంబంధించిన మాట ఒక్కటి కూడా ఒకరి ముందు ఒకరు అనరు. ఒళ్ళు నొప్పిగా ఉందని కూడా అనరు. ఫెలేతి పికప్ బండిలో అక్క ఎక్కిందంటే, తోలడానికి ఆవిడ కూతురు ఫూసీ ముందు కూర్చుంటుంది, బండి సొంతదారు వెనక కొబ్బరికాయల మధ్య కూర్చుంటాడు. ఇది చూసి ఎవరూ నవ్వరు. నవ్వితే ఫెలేతికి అర్థం కూడా కాదు.

కాబట్టి అక్కమీద ఎంత ప్రేముందో చెప్పడానికి అతనికున్న నోరు ఒక్కటే, ఆదివారం పళ్ళెం. ఉము తవ్వగానే అన్నిట్లోకీ కొవ్వు పట్టిన లూ ఏదో వేలితో నొక్కి చూసి, అది అక్కకి తీసిపెట్టేవాడు. పందిని కాలిస్తే వీపుమీద పెళపెళలాడే తోలు, దాని కింద వేలెడు మందాన తెల్లటి కొవ్వు, అదీ ఆవిడకే. పళ్ళెం ఖాళీగా తిరిగొచ్చేది, తుడిచినట్టు. ఆ ఖాళీ పళ్ళెం చూశాకే ఫెలేతి తన పళ్ళెం ముందు కూర్చునేవాడు. తనకి పెళ్ళయిన కొత్తనుంచీ ఇదే వరస.

ఫెలేతి కొడుకు పెళ్ళి వచ్చింది. పందిరి కింద చాపల గుట్టమీద లోసేలి కూర్చుంది. పెద్ద మనిషి, నిండు విగ్రహం, తలలో పూలు. పెద్దపంది వీపుభాగం తెచ్చి ఆవిడ ముందు పెట్టారు. ఎదురుగా మగవాళ్ళ వరసలో నేలమీద కూర్చున్న ఫెలేతి చూస్తుండగానే అక్క మొహం బూడిదరంగుకి తిరిగింది. నుదుటిమీద చెమట. ఎడమ చెయ్యి దవడ మీదికి వెళ్ళింది, వెంటనే ఒళ్ళోకి దిగిపోయింది. తమ్ముడు చూస్తున్నాడని ఆవిడ వీపు ఇంకా నిటారుగా పెట్టింది.

లేచి వెళ్ళి 'ఏమైంది' అని అడగాలి. అడగకూడదు. ఫెలేతి తల దించుకుని పందిరి చుట్టూ తిరిగి వంటల దగ్గరికి వెళ్ళి పెళ్ళాం పీసిలాని పట్టుకున్నాడు.

"అక్కయ్యకి ఒంట్లో బాలేనట్టుంది. వెళ్ళి చూడు."

"అడిగావా?"

"నేనెలా అడుగుతానే?"

పీసిలా చేతులు కడుక్కుని, చాప సర్దుకుని, పెద్దల ముందునుంచి వంగి వంగి వెళ్ళి వదినగారి పక్కన కూర్చుంది. లోసేలి పెదవులు కదపకుండా అంది, "పాటలు అయ్యేదాకా ఉండు. తమ్ముడు చూస్తున్నాడు." పాటలు అయ్యాయి, ప్రసంగాలు అయ్యాయి. చివరి ప్రసంగం సగంలో లోసేలి పక్కకి ఒరిగిపోయింది. ఎదురుగా తమ్ముడు ఉన్నాడు, అతనికి ముందే తెలుసు, ఇద్దరూ ఒకరి మర్యాద ఒకరు కాపాడుకుంటూ అంతసేపు కూర్చున్నారు. ఇలాంటి పొరపాటు మేం తప్ప లోకంలో ఇంకెవరూ చెయ్యరు.

బతికింది. ఊరికి దగ్గర్లోని ఆసుపత్రిలో గుండెపోటన్నారు, రక్తపు గడ్డ కరిగించే మందు ఎక్కించారు, తర్వాత విమానంలో ఆక్లండ్ పంపారు, అక్కడ యాంజియోగ్రామ్ తీసి ఒక స్టెంట్ వేశారు. ఒళ్ళు కాస్త తగ్గి, అదే నిటారు వీపుతో తిరిగొచ్చింది. వచ్చిన ఆదివారం ఫెలేతి ఆనందం పట్టలేక ఎప్పుడూ పెట్టనంత పెద్ద లూ పెట్టాడు. పళ్ళెం ఖాళీగా తిరిగొచ్చింది.

ఆ తర్వాత ఆసుపత్రికి చూపించుకోవడానికి వెళ్ళిన రోజున జరిగింది అసలు సంగతి. లోసేలిని రక్తపరీక్షకి లోపలికి తీసుకెళ్ళారు, ఫూసీ తోడు వెళ్ళింది. ఫెలేతి వరండాలో గోడకి ఆనుకుని నిలబడి ఉంటే డాక్టర్ హావిలి పిలిచాడు. కుర్రవాడు. మా వాళ్ళ బిడ్డే గానీ ఆక్లండ్‌లో పుట్టి పెరిగాడు, భాష వచ్చు గానీ భాష వెనకాల ఉండే భయాలు కొన్ని రాలేదు.

"మీరు లోసేలిగారి తమ్ముడు కదా? రండి, కూర్చోండి. స్టెంట్ వెయ్యకముందు ఆక్లండ్‌లో తీసిన బొమ్మలో ఆవిడ గుండె చూపిస్తాను."

ఫెలేతి వద్దనే లోపలే ఆ కుర్రవాడు తెర ఇటు తిప్పేశాడు. ఫెలేతి గబుక్కున తల దించుకున్నాడు. అక్క పడుకునే గది గుమ్మంలోకి కూడా తొంగిచూడని మనిషి, ఇప్పుడు ఆవిడ ఒంటి లోపలికి చూడాలా. చెవులు వేడెక్కాయి. చాప అంచు పట్టుకుని నేలకేసి చూస్తూ ఉండిపోయాడు.

"చూడండి. మీరు చూడకపోతే నేను చెప్పేది అర్థం కాదు. అర్థం కాకపోతే ఆవిడ బతకదు."

తలెత్తాడు.

తెరమీద బూడిదరంగు వెలుగులో ఏదో కదులుతోంది. ముందు ఏమీ తెలియలేదు. అంతలో నల్లటి మందు పాకింది, పాకినచోటల్లా ఒక తీగ కనబడింది. పెద్ద తీగ, దానికి పిల్లతీగలు, వాటికి ఇంకా సన్నవి. ఆ తీగంతా కలిపి ఒక్కసారి బిగుసుకుంటోంది, ఒక్కసారి వదులవుతోంది. బిగుసుకుంటోంది, వదులవుతోంది. అది తను పుట్టకముందునుంచీ ఆగకుండా చేస్తున్న పని. అమ్మ పోయిన రోజున కూడా చేసింది, తను పొలంలో ఉన్నప్పుడూ చేసింది, నిద్రపోతున్నప్పుడూ చేసింది. ఫెలేతికి ఒళ్ళు జలదరించింది. చర్చిలో కూడా ఎప్పుడూ అంత భయభక్తులు కలగలేదు.

"ఇవి గుండెకి తిండి పెట్టే నాళాలు. గుండె మీదే పాకి ఉంటాయి" అన్నాడు హావిలి.

"గుండె లోపల నిండా రక్తమే కదా నాయనా. అదే తాగొచ్చుగా?"

"తాగలేదు. దానిలోంచి వెళ్ళేదంతా ఒంట్లో మిగతావాటికి. తన వంతు ఈ సన్న నాళాల్లోంచి తిరిగి రావాల్సిందే."

సముద్రం మధ్య పడవలో దాహంతో ఉండే మనిషి గుర్తొచ్చాడు ఫెలేతికి. చుట్టూ నీళ్ళే, తాగడానికి లేవు. అందరి తిండీ తన చేతులమీదుగా పంపి, తను మాత్రం చివర్న మిగిలింది తినే ఆడవాళ్ళూ గుర్తొచ్చారు.

డాక్టరు పెన్ను తెరమీద ఒకచోట పెట్టాడు. అక్కడ నాళం సన్నబడి, నొక్కేసిన గొట్టంలా ఉంది. "ఇది పూడిక. రక్తంలో ఎక్కువైన కొవ్వు ఈ గోడ లోపలికి దూరుతుంది. బీపీ, షుగరు ఉంటే ఇంకా సులువుగా దూరుతుంది. ఒంట్లో కాపలావాళ్ళుంటారు, వాళ్ళొచ్చి ఆ కొవ్వుని తింటారు. తిని తిని, విందులో లేవలేని చుట్టాల్లాగా అక్కడే కూలబడి చచ్చిపోతారు. వాళ్ళమీద ఇంకా కొవ్వు. దానిమీద పుండుకి చెక్కు కట్టినట్టు ఒక పొర కడుతుంది. ఇదంతా ఏళ్ళ తరబడి జరుగుతుంది, నొప్పనేదే తెలీదు. ఒకరోజు ఆ పొర చిరుగుతుంది. రక్తం అది గాయమనుకుని, ఆపుదామని గడ్డకడుతుంది. అంతే, దారి మూసుకుపోతుంది. అవతల ఉన్న కండకి తిండి లేదు. పెళ్ళిలో జరిగింది అదే."

ఫెలేతి తెరమీది ఆ సన్నబడ్డచోటికి కొంచెం వంగాడు. "అయితే లోపల చెడ్డవాడంటూ ఎవడూ లేడన్నమాట."

"లేడు. అందరూ మంచికే చేశారు."

ఆ మాట ఫెలేతికి ఎక్కడో తగిలింది. లూ మూట కట్టే తన వేళ్ళు తనకే కనబడ్డాయి.  మళ్ళీ తెరకేసి చూశాడు, అప్పుడు రైతు కన్ను ఇంకోటి పట్టుకుంది. ఒక పక్క పెద్దతీగ ఒకటి మధ్యలో తెగిపోయి ఉంది. దాని అవతలి కొస మాత్రం నల్లగా నిండి ఆడుతోంది.

"ఈ తీగ ఇక్కడ చచ్చిపోయింది కదా. మరి ఆ కొస ఎలా పచ్చగా ఉంది?"

హావిలి అతన్ని ఒకసారి చూసి, బొమ్మ ఆపి, దగ్గరగా పెద్దది చేశాడు. తెగినచోటికి అటూ ఇటూ వెంట్రుకల్లాంటి సన్న నాళాలు, మెలికలు మెలికలుగా, ఒక వైపునుంచి ఇంకో వైపుకి అల్లుకుని ఉన్నాయి.

"ఇది ఎప్పుడో ఏళ్ళక్రితం మూసుకుపోయింది. ఎవరికీ తెలీదు, ఆవిడకీ తెలీదు. మెల్లగా మూసుకుంది కాబట్టి గుండె తనంతట తనే ఈ పక్కదారులు పెంచుకుంది. ఈ దారులే లేకపోతే పెళ్ళినాడే పోయేది."

 తను ప్రతి ఆదివారం పళ్ళెం పంపుతూ ఒక దారి మూస్తూ వచ్చాడు, అక్క గుండె చీకట్లో, ఎవరికీ చెప్పకుండా, ఇంకో దారి తవ్వుకుంటూ వచ్చింది. ఫిర్యాదు లేదు, మూలుగు లేదు. ఎంత అక్కో అంత గుండె. అతని కళ్ళనుంచి నీళ్ళు జారాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"ఇంకోటుంది" అన్నాడు హావిలి పెన్ను కిందికి జరిపి. "ఇక్కడ. స్టెంట్ వెయ్యడానికి వీల్లేని చోట. దీనికి మందులూ తిండీ తప్ప దారి లేదు. మందులు వేసుకుంటున్నారు. సీపి మానమంటే మాత్రం, 'అది నా తమ్ముడి ఇంటినుంచి వస్తుంది, నేనెలా వద్దంటాను' అన్నారు. ఈ పొర కూడా చిరిగితే ఆక్లండ్ దాకా వెళ్ళే వ్యవధి ఉండదు."

దారి పొడుగునా ఫెలేతి బండి వెనక కూర్చుని, క్యాబిన్ వెనకద్దంలోంచి కనబడే అక్క తలలోని పూలు చూస్తూ వచ్చాడు.

ఇంటికొచ్చి పీసిలాతో చెప్పాడు, ఇకనుంచి అక్కయ్యకి సీపి వద్దు, కొవ్వు వద్దు, చేపలు పంపుదామని.

పీసిలా చేతిలో చేమాకు పక్కన పెట్టింది. "ఊరు ఏమంటుందో ఆలోచించావా? కొడుకు పెళ్ళి గట్టెక్కింది, అక్కతో అవసరం తీరింది, ఇక చేపముక్క చాలంటున్నాడు అంటారు. నీ సంగతి సరే, వదిన ఏమనుకుంటుంది? ఆవిడకి చెబుతావా మరి ఎందుకో?"

"ఎలా చెప్పను?"

"అదే నేనూ అడిగేది."

చెప్పలేడు కాబట్టి, చెప్పకుండానే మర్యాద తగ్గకుండా చూద్దామనుకున్నాడు. పొలంలో కహోకహో అనే మేలురకం పెండలం ఒకటి ఉంది, వ్యవసాయ ప్రదర్శనలో రాజుగారి ముందు పెట్టాలని కన్నబిడ్డలా సాకుతున్నది. దాన్ని తవ్వేశాడు. శనివారం సముద్రానికి వెళ్ళి మంచి చేపలు పట్టుకొచ్చాడు. ఆదివారం ఉములోంచి తీసిన పెండలాన్నీ, ఆకులో ఉడికిన చేపనీ, కొబ్బరిపాలు నామమాత్రంగా తగిలించిన చేమాకునీ పళ్ళెంలో సర్ది, కొత్త గుడ్డ కప్పి పంపాడు.

ఆ పూట పళ్ళెం పొద్దువాలేదాకా రాకపోయేసరికి, పీసిలా పోరు పడలేక ఫెలేతి ముందే భోంచేశాడు. తర్వాత పళ్ళెం తిరిగొచ్చింది. గుడ్డ తీసి చూస్తే ఏదీ ముట్టుకోలేదు.

పళ్ళెం తెచ్చింది ఫూసీ. మేనమామమీద మా దగ్గర మేనకోడలికి లేని అధికారం లేదు, ఏ మాటైనా అనొచ్చు. అనడానికే వచ్చింది.

"మామయ్యా, ఏం చేశావో తెలుసా? అమ్మ మూత తీసింది, చూసింది, మూసేసింది. గోడవైపు తిరిగి పడుకుంది. 'నా తమ్ముడికి నేను బరువయ్యాను' అంది. రేపు తనే సీపి తెప్పించుకుని వండుకుంటుందట. ఊళ్ళో వాళ్ళు చూసేలా వాకిట్లో కూర్చుని తింటుందట, తమ్ముడి ఇంటినుంచే వచ్చిందనుకోవాలట. నీ పరువు కోసం."

"నువ్వు చెప్పలేకపోయావా పిల్లా, గుండె కోసమని?"

"చెప్పాను. 'డాక్టర్లు ఏదో అంటారు, మా మధ్య సంగతి వాళ్ళకేం తెలుసు' అంది. నీ మాట తప్ప ఎవరి మాటా వినదు. నువ్వేమో మాట్లాడవు. మీ ఇద్దరి మర్యాదతో మా అమ్మ చచ్చిపోతుంది మామయ్యా."

ఫెలేతి లేచాడు. నడుముకి మంచి చాప చుట్టుకున్నాడు. పళ్ళెం మీద గుడ్డ మళ్ళీ కప్పి, బండి తియ్యకుండా, తనే రెండు చేతులతో పట్టుకుని రోడ్డుమీద నడిచాడు. సాయంత్రం చర్చికి వెళ్ళే జనం ఆగి చూశారు. ఇంటి పెద్ద తన చేత్తో పళ్ళెం మోసుకుంటూ అక్క ఇంటికి నడవడం ఎవరూ చూసి ఎరగరు. ఫూసీ వెనకాలే వెళ్ళింది.

లోసేలి గదిలో విసనకర్రతో కూర్చుని ఉంది. ఫెలేతి గడప బయటే నేలమీద కూర్చుని, పళ్ళెం ముందు పెట్టి, తల దించుకున్నాడు. విసనకర్ర చప్పుడవుతూనే ఉంది.

"అక్కయ్యా" అన్నాడు. "నేనొక తప్పు చేశాను. మీకు తెలియాలి."

"చెప్పు తమ్ముడూ."

"నేను మీ గుండెను చూశాను."

విసనకర్ర ఆగిపోయింది. ఫూసీ చేత్తో నోరు మూసుకుంది. అక్కతో తమ్ముడు అనకూడని మాటల్లో ఇంతకంటే పెద్దది ఆ ఇంట్లో ఎవరూ విని ఉండరు.

"డాక్టరు తెరమీద చూపించాడు. కళ్ళు మూసుకుందామనుకున్నాను, మూసుకోలేదు. క్షమించండి."

 లోసేలి ఇక లేచి లోపలికి వెళ్ళిపోతుందని ఫూసీ అనుకుంది. ఫెలేతీ అదే అనుకున్నాడు. చివరికి ఆవిడ చాలా నెమ్మదిగా అడిగింది.

"నాకెవరూ చూపించలేదు. ఎలా ఉంది?"

ఫెలేతి తల ఎత్తకుండానే చెప్పాడు. జీవితమంతా పొదుపు చేసిన మాటలన్నీ ఆ సాయంత్రమే ఖర్చు పెట్టాడు. పెండలం తీగలా పాకి ఉందన్నాడు. ఒక దారి ఎప్పుడో మూసుకుపోయిందన్నాడు, ఎవరికీ తెలియకుండా పక్కన చిన్న చిన్న దారులు అల్లుకుని కండని బతికించుకుందన్నాడు. "మీరు పడుకున్నా అది పడుకోలేదు అక్కయ్యా. దానికి ఎవరూ సాయం లేరు. ఆ దారి మూసినవాడిని నేనే. ప్రతి ఆదివారం నా చేతులతోనే మూశాను. ఇంకో దారి మూసుకుపోబోతోంది. అది కూడా నా చేత మూయించకండి."

 పెద్దవాడు చిన్నపిల్లాడిలా భుజాలు కదుపుతూ ఏడ్చాడు.

లోసేలి తన కుడిచెయ్యి మెల్లగా ఎత్తి, రొమ్ముమీద పెట్టుకుంది. తమ్ముడి ఎదుట ఎన్నడూ చెయ్యని పని. అలాగే కాసేపు ఉంది, లోపల ఏదో వింటున్నట్టు. తర్వాత ఫూసీని కళ్ళతో పిలిచి పళ్ళెం దగ్గరికి తెప్పించుకుంది. చల్లారిన చేప ముక్క విరిచి నోట్లో పెట్టుకుంది, పెండలం ముక్క పెట్టుకుంది. నెమ్మదిగా, ఆకలిగా తిన్నది. సగం దగ్గర ఆగింది.

"తమ్ముడూ, ఈ పూట నువ్వేం తిన్నావు?"

ఫెలేతి తల ఇంకా కిందికి దించాడు. అక్కకి అబద్ధం చెప్పకూడదు.

"సీపి తిన్నాడమ్మా" అంది ఫూసీ. "రెండు ఖాళీ పొట్లాలు నేను చూశాను. మీసం ఇంకా నిగనిగలాడుతోంది చూడు."

"మనిద్దరినీ కన్నది ఒకే అమ్మ" అంది లోసేలి. అక్కలు ఆజ్ఞ ఇచ్చే గొంతు ఒకటుంటుంది, దానికి ఎదురు లేదు. "నా గుండె నువ్వు చూశావు. నీ గుండె ఎవరు చూశారు? రేపు ఫూసీతో వెళ్ళి ఆ డాక్టరుకి చూపించుకో. నాకు పంపనిది ఇకమీదట నీ ఉములో ఉండకూడదు. ఇది నేను అడుగుతున్నాను."

అక్క అడిగితే లేదనకూడదు. ఫెలేతి నేలకి నుదురు ఆనేలా వంగాడు. లోసేలి మిగిలిన సగం పళ్ళెం గడప దాకా జరిపించింది. అక్క తినగా మిగిలింది తమ్ముడు తినడం గౌరవమే. అతను గడప బయట కూర్చుని తింటుంటే, ఎడమచెయ్యి తనకు తెలియకుండానే చొక్కామీదికి వెళ్ళింది. అక్కడ, అరచేతి కింద, అది కొట్టుకుంటోంది. ఇన్నేళ్ళూ దాన్ని ఒక్కసారైనా బాగున్నావా అని అడగలేదు. చేప నమలడం ఆపి, ఊపిరి బిగబట్టి, ఫెలేతి దాన్నే వింటూ కూర్చున్నాడు.